దుభాషి లేని డేరా

ఆ ఆదివారం ఉదయం సనా పేరు జమీలా బీ. వయసు అరవై. ఊరు తగలబడిపోతే నది దాటి పరాయి దేశం చేరి, టార్పాలిన్ డేరాలో కాలం గడుపుతోంది. మనవడికి విరేచనాలు పట్టుకున్నాయి. ఉర్దూ తప్ప మరో మాట రాదు.

నిజానికి సనాకి ఇరవై ఆరేళ్ళు. పుంగనూరు అమ్మాయి. మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో నర్సు. ఆ గదిలో డేరా లేదు, నది లేదు. ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల, బల్లకి అటుపక్క డాక్టర్ హమీద్ అనే కొత్త ముఖం. అంతా రత్నమ్మ మేడం ఆడిస్తున్న నాటకం.

ఆవిడ రిటైరైన డాక్టరు. బంగ్లాదేశ్‌లోని శరణార్థుల శిబిరంలో రెండుసార్లు పనిచేసి వచ్చారు. ఇప్పుడు ఆరు నెలల సేవ కోసం ఇక్కడినుంచి ఒక బృందాన్ని తయారు చేస్తున్నారు. మందుల సంగతి పుస్తకంలో చదువుకోవచ్చు, బల్ల అవతల కూర్చున్న మనిషి భయాన్ని మాత్రం ఎదురుగా కూర్చుని చూడాల్సిందే అని ఆవిడ నమ్మకం. అందుకే ప్రతి ఆదివారం సగం మంది రోగులవుతారు, సగం మంది వైద్యులవుతారు.

సనా చెప్పుకుపోతోంది. నీళ్ళు ఏ గుంటలోంచి తెస్తున్నదీ, పిల్లవాడి కళ్ళు ఎంత లోపలికి పోయిందీ. హమీద్ శ్రద్ధగా తల ఊపుతున్నాడు. "జీ" అన్నాడు. "అచ్ఛా" అన్నాడు. చూపు మాత్రం ఆమె పెదవుల మీదే ఉంది, వెళ్ళిపోతున్న బస్సు బోర్డు చదవబోయేవాడిలా.

పిల్లవాడికి ఏం పట్టిస్తున్నావని అడగాల్సిన చోట కూడా అచ్ఛా అనేసరికి సనాకి అనుమానం వచ్చింది. గొంతులో దుఃఖం ఏమాత్రం తగ్గించకుండా, "డాక్టర్ సాబ్, మీ ఎడమ చెవిలో బెండమొక్క మొలిచింది, కాయలు కోసుకోనా?" అని ఉర్దూలో అడిగింది.

హమీద్ జాలిగా తల ఊపాడు. "జీ. జరూర్."

పక్క బల్లల దగ్గర ఎవరి నాటకం వాళ్ళది కాబట్టి ఎవరూ వినలేదు. సనాకి నవ్వు రావాల్సింది. రాలేదు.

టీ ఇచ్చే వేళ మెట్ల దగ్గర అతన్ని పట్టుకుంది.

"మీకు ఉర్దూ రాదు."

"రాదండీ."

"మరి తల యాల ఊపితిరి?"

అతను టీ గ్లాసులోకి చూసుకున్నాడు. "హమీద్ అని పేరు సెప్తే సాలు, ఉర్దూ వస్తాదా అని ఎవురూ అడగరు. మేడమూ అడగలా. మా ఇంట్లో తెలుగేనండీ. అమ్మని అమ్మా అంటాం, నాయన్ని నాయనా అంటాం. కుప్పంలో పుట్టినోడికి తెలుగొస్తాది, తమిళమొస్తాది, కన్నడమొస్తాది. నా ఖర్మ, కావాల్సింది నాలుగోది."

మేడం అడగకపోవడంలోనే ఉంది చిక్కంతా. శిబిరంలో జనం మాట్లాడే భాష వేరే. కానీ వాళ్ళలో మదరసాలో చదివినవాళ్ళకీ పెద్దవాళ్ళలో కొందరికీ ఉర్దూ తెలుసు. ముందువైపు పెద్ద క్లినిక్‌లో దుభాషీలు ఉంటారు. లోపల, కొండవాలులో ఒక చిన్న డేరా ఉంది. నడవలేని ముసలివాళ్ళూ బాలింతలూ వచ్చేది అక్కడికే. ఆ డేరాకి దుభాషి లేడు. ఉర్దూ వచ్చిన డాక్టరూ ఉర్దూ వచ్చిన నర్సూ కావాలి. నర్సుగా సనాని, డాక్టరుగా హమీద్‌ని మేడం ఎప్పుడో అనేసుకున్నారు. సనాని మాట్లాడించి చూసి, హమీద్‌ని పేరు చూసి.

"మేడంకి చెప్పొచ్చు గదా?"

"సెప్తే డేరా పోతాది. నాకు ఆ డేరానే కావాల. నడిసి వచ్చేవోళ్ళని సూసేదానికి డాక్టర్లు శానామంది ఉండారు."

ఆ మాట సనాకి నచ్చింది. తల ఊపడం మాత్రం నచ్చలేదు. కాసేపు ఆలోచించి తన షరతు చెప్పింది. కుప్పంలో ఆఖరి శిక్షణ జరిగేదాకా తాను నోరెత్తదు. ఆలోగా అతను భాష నేర్చుకోవాలి, లేదా అతనే మేడంకి నిజం చెప్పుకోవాలి. రెండూ చేయకుండా విమానం ఎక్కడానికి మాత్రం వీల్లేదు.

"ఎక్కితే?" అన్నాడు హమీద్.

"జమీలా బీ మనవడు బతకడు" అంది సనా, నాటకంలో మనవడనే సంగతి మరిచిపోయి.

* * *

ఉర్దూ నేర్పడానికి సనాకి తెలిసిన మంచి పంతులమ్మ ఒక్కరే, తల్లి ఆబిదా. పుంగనూరులో వాళ్ళ ఇంటి ముందుగదిలో తండ్రి బాబు సాహెబ్ టైలరింగ్ షాపు. వెనక ఇల్లు. ఆదివారం సాయంత్రాలు హమీద్ మదనపల్లె నుంచి బస్సులో వచ్చి, ఇస్త్రీ బల్ల పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. గుమ్మం లోపల చాప మీద ఆబిదా. మధ్యలో సనా.

మొదటి ఆదివారం ఆబిదా పెళ్ళిళ్ళకు తప్ప తీయని పింగాణీ కప్పులు తీసింది. జీడిపప్పు వేసి సేమ్యా పాయసం చేసింది. డాక్టరు, హమీద్, మర్యాదస్తుడు. ఇంటికి వచ్చిన అదృష్టం గుమ్మంలోనే నిలబడిందని ఆమె లెక్క. ఎవరి అబ్బాయివని అడిగింది.

"కుప్పంలో పరుపుల అంగడి హుస్సేనప్ప కొడుకునమ్మా. దూదేకులోళ్ళం."

ఆబిదా ముఖంలో ఏమీ మారలేదు. పాయసం ఇంకొంచెం వేసింది కూడా. కానీ రెండో ఆదివారం టీ స్టీలు గ్లాసులో వచ్చింది. సనా ఆ గ్లాసు చూసి తల్లిని చూసింది. తల్లి కిటికీలోంచి బయటికి చూసింది.

ఒకే మసీదు, ఒకే వరసలో నమాజు, రంజాన్‌కి ఒకరింటి సేమ్యాలు మరొకరింటికి పోతాయి. సంబంధాలు మాత్రం పోవు. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో తెలుగు మాట్లాడే దూదేకుల ఇళ్ళని తక్కువగా చూడటం ఎవరూ నోరు తెరిచి చెప్పరు, ఎవరూ మానుకోరు. అతను వెళ్ళాక ఆబిదా కూతురితో, పాఠం చెప్పడం పుణ్యమేననీ, ఆ పుణ్యం పాఠం దగ్గరే ఆగాలనీ చెప్పింది. ఎవరేమన్నారిప్పుడు అని సనా విసుక్కుంది. ఆమె విసుగులో కొంచెం తొందర ఎక్కువైందని ఆబిదా గమనించింది.

కానీ పాఠం చెప్పడానికి కూర్చుంటే ఆబిదా పాఠమే చెప్పేది. పెద్ద వయసు ఆడవాళ్ళు ఎక్కడ నొప్పో పేరు పెట్టి చెప్పరనీ, ముందు కోడలి గురించి చెప్పి, తర్వాత నిద్ర గురించి చెప్పి, లేవబోతూ అసలు సంగతి చెబుతారనీ, ఆ లేవబోయేటప్పుడే చెవులు పెట్టాలనీ వివరించింది. కాలు, పుండు, వాసన, మంట, చీము అన్నీ అతని చేత పదేపదే అనిపించింది. అతను తప్పు పలికితే బాబు సాహెబ్ కుట్టుమిషన్ ఆపి నవ్వేవాడు. ఆబిదా మొగుణ్ణి కసిరి, పిల్లవాణ్ణి మళ్ళీ అనమనేది.

ఒకరోజు పాఠం ముగిసేసరికి వాన పట్టుకుంది. బాబు సాహెబ్ లోపల కాజాలు కుడుతున్నాడు. షాపు ముందు రేకు కింద సనా, హమీద్ నిలబడ్డారు. రేకు మీద చినుకులు గోలగోలగా పడుతున్నాయి. అంత చప్పుడులో ఎవరైనా కొంచెం దగ్గరికి జరిగే మాట్లాడుకోవాలి. ఇద్దరూ జరిగారు.

"నేర్చుకున్నది సాలునా?" అడిగాడు హమీద్.

"మా అమ్మీ అయితే నిదానంగా మాట్లాడతాది. భయపడినోళ్ళు అట్ల మాట్లాడరు."

"అంటే సాలదని."

"నేనట్ల అనలేదు."

"మీరు అనకుండానే బాగా అర్థమవుతాండాది. ఉర్దూలో తప్ప అన్నింట్లో నేను మంచి స్టూడెంటునే."

సనా నవ్వు ఆపుకుంటూ వానలోకి చేయి చాపింది. చాలదని చెప్పాల్సింది. నెల కిందట అయితే చెప్పేసేది, మొహమాటమే ఉండేది కాదు. ఇప్పుడు చెబితే అతను రేపే మేడం దగ్గరికి వెళ్ళి బృందంలోంచి తప్పుకుంటాడు. కొండవాలు డేరాలో ఆరు నెలలు ఎదురుగా ఇంకెవరో డాక్టరు కూర్చుంటారు. ఆ ఇంకెవరో అన్న ఊహే ఆమెకి ఇష్టంగా లేదు. తన ఇష్టం కోసం ముక్కూమొహం తెలియని ముసలివాళ్ళని పణంగా పెడుతున్నానని తెలిసి కూడా, "ఇంకా టైముంది గదా" అంది.

చేయి తడిసిపోయింది. హమీద్ జేబులోంచి రుమాలు తీసి ఇచ్చాడు. అతను ఆమె వైపు చూసిన చూపుకి అనువాదం అక్కర్లేదు. లోపల ఆబిదా దగ్గింది.

* * *

కుప్పంలో ఆఖరి శిక్షణ ఒక కల్యాణమండపంలో ఏర్పాటైంది. ఈసారి రోగులుగా బృందంలోని వాళ్ళు వద్దనీ, ఉర్దూ మాట్లాడే పెద్దవాళ్ళను తీసుకురమ్మనీ రత్నమ్మ మేడం పురమాయించారు. పుంగనూరు నుంచి ఆబిదాతో కలిపి నలుగురు ఆడవాళ్ళు వ్యానులో బయలుదేరారు. గంగవరం దాటి, పలమనేరు దాటి, దారంతా వాళ్ళు తాము నటించాల్సిన జబ్బులు వల్లె వేసుకుంటూ నవ్వుకున్నారు. ఆబిదాకి వచ్చింది మామూలు జ్వరం.

మండపం మెట్లు ఎక్కేటప్పుడు తల్లి కాస్త కుంటడం చూసి సనా అడిగింది. మడమలు పగిలాయని ఆబిదా జవాబు. అంత ఎండలోనూ మేజోళ్ళు వేసుకుని ఉంది. షుగరు మనిషి, పాదాలు జాగ్రత్తగా చూసుకుంటోందని సనా సంతోషించింది. వారమంతా మదనపల్లె హాస్టల్లో ఉండి ఆదివారం ఇంటికి పోయే కూతురు చూడగలిగింది అంతే.

సనాని వేరే బల్ల దగ్గర మందులు అందించే పనికి పెట్టారు. చేతులు మాత్రలు లెక్కపెడుతున్నా, చూపు హమీద్ బల్ల మీదే ఉంది. ఆబిదా అతని ఎదురుగా కూర్చుంది. జ్వరం గురించి ఒకటి రెండు మాటలు చెప్పింది. ఆ తర్వాత చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, గొంతు తగ్గించి, వేగంగా ఏదో చెప్పడం మొదలుపెట్టింది. జ్వరం చెప్పడానికి అంతసేపు పట్టదు.

హమీద్ తల ఊపలేదు. ముందుకు వంగి ఏదో అడిగాడు. ఆబిదా చెప్పింది. మళ్ళీ అడిగాడు. ఆమె చేయి ఊపి లేవబోయింది. అతను లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి ఆమెని కూర్చోబెట్టాడు. ఆ తర్వాత మండపంలో అందరికీ వినబడేలా రత్నమ్మ మేడంని పిలిచాడు.

"మేడం, ఈమె సెప్పిందాంట్లో నాకు సగమే అర్థమయింది. ఆ సగానికే భయమవుతాండాది. ఉర్దూ బాగా వచ్చినోళ్ళు కావాల. నాకు రాదు మేడం. మొదట్నించీ రాదు. మీరు అడగలేదు, నేను సెప్పలేదు."

సనా మాత్రలు వదిలేసి గబగబా వచ్చింది. తన తల్లి, తన భాష, తాను నేర్పిన మనిషి. సాయం చేయడానికి తనకన్నా ఎవరున్నారు?

హమీద్ ఆమెకి అడ్డం నిలబడ్డాడు. "మీరొద్దు."

"మా అమ్మీ ఆమె."

"అందుకే మీరొద్దు. మేడం రావల్ల."

మదనపల్లెలో ఎన్నో ఏళ్ళు పురుళ్ళు పోసిన రత్నమ్మ మేడంకి ఆ ఉర్దూ బాగానే వచ్చు. ఆవిడ ఆబిదాని తెర వెనక్కి తీసుకెళ్ళారు. సనా తెర ఇవతల నిలబడిపోయింది. ఇన్ని ఆదివారాలు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పితే, అందరి ముందూ పరాయిదాన్ని చేసినట్టు పక్కకి నెట్టాడు. హమీద్ ఏదో చెప్పాలని ఉన్న ముఖంతో నేల చూస్తూ నిలబడ్డాడు.

తెర తొలిగింది. ఆబిదా కుడికాలి మేజోడు తీసి ఉంది. బొటనవేలి కింద పుండు, చుట్టూ నల్లబడిన చర్మం. నర్సు అయిన కూతురికి ఆ వాసనా తెలుసు, దాని అర్థమూ తెలుసు.

రత్నమ్మ మేడం సంగతి చెప్పారు. మేకు గుచ్చుకుంది. షుగరు వల్ల మొదట నొప్పి తెలియలేదు. తెలిశాక దాచింది. సనాకి తెలిస్తే ప్రయాణం మానుకుంటుందని. విమానం ఎక్కేదాకా ఎలాగో నెట్టుకురావాలనుకుంది. ఎవరికీ చెప్పుకోకుండా ఉండలేక, వేగంగా చెబితే అర్థం కాదనే నమ్మకంతో ఆ డాక్టరు పిల్లవాడికి చెప్పుకుంది. అతను ప్రశ్నలు వేసేసరికి, ఎవరికీ చెప్పొద్దని అతని దగ్గర మాట తీసుకోబోయింది.

"ఇంకొంచెం ఆలస్యమైతే వేలు తీసేయాల్సి వచ్చేది" అన్నారు మేడం. హమీద్ వైపు తిరిగి, "నువ్వు ముందే చెప్పుండాల్సింది. డేరాకి ఇంకొకర్ని చూసుకుంటాను. నువ్వు తర్వాతి బృందంలో, దుభాషి ఉన్న చోటికి" అన్నారు.

అతను సరేనన్నాడు. సనా ముందుకు వచ్చి, అతనికి భాష రాదని తనకి మొదటి రోజే తెలుసనీ, తెలిసి ఊరుకున్నాననీ చెప్పింది.

మేడం ఆమెని కళ్ళద్దాల మీదుగా చూశారు. "అయితే నువ్వూ తల ఊపినట్టేగా" అన్నారు.

* * *

పుండు శుభ్రం చేశారు, మందులు రాశారు. కట్టు రోజూ మార్చాలి, కాలు నేల మీద ఆనకూడదు. సనా తాను వెళ్ళనంది. ఆ ఇంట్లో ఎన్నడూ లేనంత గొడవ అయింది. ఆబిదా అన్నం ముట్టలేదు. కన్నబిడ్డని తన కాలికి కట్టేసుకున్న తల్లి అని వీధిలో అనిపించుకోవడం కంటే కాలు పోవడమే నయం అంది. బాబు సాహెబ్ మిషన్ ముందు కూర్చుని ఒకే కుట్టు విప్పుతూ, వేస్తూ ఉండిపోయాడు.

మూడో రోజు సాయంత్రం హమీద్ డ్యూటీ దిగి, కట్టు సామాను సంచిలో వేసుకుని వచ్చాడు. ఎవరినీ ఏమీ అడగకుండా ఇస్త్రీ బల్ల పక్కనున్న స్టూలు తీసుకుపోయి ఆబిదా మంచం ముందు వేసుకున్నాడు. మరునాడూ వచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు. మదనపల్లె బస్సు ఆలస్యమైతే బాబు సాహెబ్ వీధిలోకి వచ్చి చూసే దాకా వచ్చింది.

పుండు అంచులు ఎర్రబడి, కొత్త చర్మం కనబడ్డాక సనా పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టింది.

ప్రయాణం ముందు రోజు సాయంత్రం. సనా కింద చాప మీద బట్టలు మడతపెడుతోంది. హమీద్ ఆబిదా పాదం మోకాలి మీద పెట్టుకుని కట్టు చుడుతున్నాడు. చుట్టడం అయ్యాక కూడా పాదం దించలేదు.

"అమ్మా, మీతో ఒక మాట సెప్పాల. ఉర్దూలోనే సెప్పాలని వారం నుంచి సూస్తాండాను. నాకు వచ్చిన ఉర్దూ పుండ్లకీ చీముకీ సరిపోతాది, దీనికి సాలదు. తెలుగులో సెప్పేదా?"

"సెప్పప్పా. పుంగనూర్లోనే పుట్టినా. నాకు తెలుగు రాకుండా పోతాదా?"

సనా చేతిలో దుపట్టా సగం మడతలో ఆగిపోయింది.

"సనా అంటే నాకు ఇష్టం. పెండ్లి సేసుకోవాలని ఉండాది. మీ ఇండ్లల్లో మాకు పిల్లనియ్యరని తెలుసు. మీరు వద్దంటే నేను తగవు పెట్టుకోను, ఈ కాలు మానేదాకా మాత్రం వచ్చిపోతా. వద్దంటే యాల వద్దో నాతోనే సెప్పండి. ఆమెతో సెప్పి పంపొద్దు."

మిషన్ చప్పుడు ఆగిపోయి చాలాసేపయింది. ఆబిదా తన పాదం వైపు చూసింది. ఆ పాదాన్ని కూతురికి చూపించడానికి భయపడింది, మొగుడికి చూపించడానికి సిగ్గుపడింది. ఈ పిల్లవాడు రోజూ ఒళ్ళో పెట్టుకుంటున్నాడు.

"వద్దని సెప్పేదానికి నా కాడ కారణం ఉన్నింది" అంది నెమ్మదిగా. "మా అత్త కాడినుంచి వచ్చిన కారణం. నీ ముందర కూసోని సెప్పబోతే నోరు రాలేదప్పా."

తర్వాత మామూలు గొంతుతో, "మీ అమ్మని పిలుసుకోని రా. ఆమెకీ నాకూ మాట కలుస్తాదిలే" అంది.

బాబు సాహెబ్ ముందుగదిలోంచి, హుస్సేనప్ప దగ్గర తానొకసారి పరుపు కొన్నాననీ, ఇప్పటికీ కుంగలేదనీ చెప్పాడు. ఆయన సమ్మతి తెలిపే పద్ధతి అది.

సనా దుపట్టా మడత పూర్తి చేసి పెట్టెలో పెట్టింది. "అందరూ అందర్నీ అడిగేసినారు. పోయేదాన్ని నేను. నన్ను ఎవురైనా అడిగితిరా?"

హమీద్ పాదం దించి, స్టూలు మీదినుంచి లేచి, చాప మీద ఆమెకి ఎదురుగా కూర్చున్నాడు. "అడుగుతాండాను."

"ఆరు నెలలకి వస్తా. మళ్ళీ పోతా. పెండ్లయినా పోతా. మీ బృందం పోయేటప్పుడు నేను ఈడ గుమ్మంలో నిలబడి ఏడవను, డ్యూటీకి పోతా. ఇవన్నీ సమ్మతమైతే..." అని ఆగింది. అంతవరకూ గట్టిగా ఉన్న గొంతు అక్కడ మెత్తబడింది. "వాన కురిసిన రోజే సెప్పింటే బాగుండు కదా. మనం అన్ని ఆదివారాలు పాడు సేసుకుంటిమి."

* * *

మర్నాడు పొద్దున. బెంగుళూరు బస్సు వీధి చివరే ఆగుతుంది. సనా పెట్టె హమీద్ చేతిలో ఉంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గడపల్లోకి వచ్చి నిలబడ్డారు. క్షేమంగా తిరిగి రావాలని దుఆలు చేశారు, జాగ్రత్తలు చెప్పారు, డాక్టరు ఎవరని చూపులతోనే ఒకరినొకరు అడిగారు.

ఆబిదా వద్దన్నా వినకుండా గుమ్మం దాకా వచ్చింది. పుండు ఉన్న కాలికి మెత్తని చెప్పు. గడప దిగాలి. బాబు సాహెబ్ చేయి అందించబోయాడు. ఆమె ఆ చేయి చూసి కూడా, పెట్టె కింద పెట్టి రమ్మని హమీద్‌ని పిలిచింది.

వీధి వీధంతా చూస్తుండగా అతని భుజం పట్టుకుని గడప దిగింది. దిగాక కూడా వదల్లేదు. కట్టు కాలు నెమ్మదిగా వేస్తూ, బస్సు దాకా అలాగే నడిచింది. ఎదురింటి ఆమె ఉండబట్టలేక ఈ అబ్బాయి ఎవరని అడిగింది.

"మా సనా పెనిమిటి కాబోతాండాడు" అంది ఆబిదా, ఎవరికీ సందేహం లేకుండా తెలుగులో. "కుప్పం హుస్సేనప్ప కొడుకు."